ఎనిమిది నెలల పాపకు పలచటి జావ ఎందుకు చాలదు

మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. పాలకొల్లు దగ్గర పల్లెటూరు, తొలిచూలు ఆడపిల్ల, పుట్టినప్పుడు 2.8 కిలోలు. ఆరు నెలలు నిండాక అయినవిల్లిలో అన్నప్రాశన చేశారు, అప్పుడు 6.1 కిలోలు. ఇప్పుడు ఎనిమిది నెలలు నిండాయి, బరువు 6.4 దగ్గర ఆగింది. రోజుకు మూడుసార్లు బియ్యప్పిండి జావ సీసాతో పడుతున్నారు. మధ్యాహ్నం చారన్నం నాలుగు మెతుకులు, సాయంత్రం టీలో ముంచిన బిస్కెట్. గుడ్డు, చేప ఏడాది నిండేదాకా వద్దని అత్తయ్యగారు అంటున్నారు, అరటిపండు జలుబు చేస్తుందని మీ అమ్మగారు అంటున్నారు. నీ పాలల్లో బలం తగ్గిపోయింది, మాన్పించి డబ్బా ఆహారం మొదలుపెట్టు అని పక్కింటివాళ్ల సలహా. ఈ టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు అన్నారు.

నేను డాక్టర్ని కాదు. కోనసీమలో ముప్పై ఏళ్ల పైచిలుకు అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాను. నెలనెలా పిల్లల్ని తూచడం, వాళ్ల వంటింట్లో కూర్చుని ఏం పెడుతున్నారో చూడడం, ఇదే నా ఉద్యోగం. మీ పాప కథ నేను కొన్ని వందల ఇళ్లలో చూశాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదట చెప్పాల్సింది, మీ పాలు మాన్పించకండి. ఎవరు చెప్పినా సరే. ఆరు నెలల నుంచి ఏడాది వరకు బిడ్డకు కావలసిన శక్తిలో సగం దాకా తల్లిపాల నుంచే వస్తుంది, రెండో ఏట కూడా మూడో వంతు వస్తుంది. ఆరు నెలలు పాలు మాత్రమే, ఆ తర్వాత తిండితో పాటు రెండేళ్లు, ఇంకా పైన కూడా ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే. మీ పాలల్లో బలం తగ్గలేదు. పాప అవసరం పెరిగింది. ఆ పెరిగిన అవసరాన్ని తీర్చాల్సింది గిన్నెలోని తిండి. ఆ గిన్నెలో ఉన్నది మాత్రం నీళ్లు.

బరువు సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణాల్లో ఎనిమిది నెలల ఆడపిల్లకు మధ్య గీత 7.9 కిలోలు. 6.3 కంటే కిందికి దిగితే తక్కువ బరువు కింద లెక్క. మీ పాప ఆ అంచున ఉంది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది అంకె కూడా కాదు, బరువు పెరిగే తీరు. రెండు నెలల్లో 300 గ్రాములు పెరిగింది, ఈ వయసులో ఇంచుమించు ఒక్క నెలలో పెరగాల్సింది అంత. ఇంకా చెయ్యి దాటలేదు. అంగన్‌వాడీ కార్డులో ఉన్న గీతల మీద ఈ రెండు బరువులూ చుక్కలు పెట్టి కలపండి, మీకే కనబడుతుంది.

ఇప్పుడు జావ గురించి. రాజోలు వైపు ఒక లంక గ్రామంలో ఓ మామ్మగారు మనవడికి ఎంతో ప్రేమగా జావ కాచేవారు. గ్లాసుడు నీళ్లు, అందులో పెద్ద చెంచాడు బియ్యప్పిండి. చల్లారడానికి స్టీలు కంచంలో పోశారు. కంచం అడుగున వాళ్ల పెళ్లినాడు చెక్కించిన పేరు ఆ జావలోంచి అక్షరం అక్షరం చదవగలిగాను. పిల్లాడు గటగటా తాగాడు, పొట్ట గుండ్రంగా అయింది, నిద్రపోయాడు. "చూశావా, కడుపు నిండింది" అన్నారావిడ. నిజమే, నిండింది. ఏంతో నిండిందన్నదే సమస్య.

ఈ వయసు బిడ్డ పొట్టలో ఒక్కసారికి పట్టేది కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు. మీ పాపకు దాదాపు 190 మిల్లీలీటర్లు, ఒక మామూలు గ్లాసుడు కూడా ఉండదు. పెద్ద చెంచాడు బియ్యప్పిండిలో ఉండేవి దాదాపు 35 కేలరీలు. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య బిడ్డకు పాలు కాకుండా బయటి తిండి నుంచి రోజుకు సుమారు 200 కేలరీలు అందాలి. తొమ్మిదో నెల నుంచి 300, ఏడాది దాటాక 550. మామ్మగారి లెక్కన 200 కేలరీలకు ఆరు గ్లాసుల జావ తాగాలి. ఏ బిడ్డా తాగలేదు. తాగినా, ఆ నీళ్లతో నిండిన పొట్ట మీ దగ్గర పాలు తాగదు. అంటే పలచటి జావ తాను బలం ఇవ్వకపోగా, పాల బలానికి కూడా అడ్డం పడుతుంది. బిడ్డ సరిగా తాగట్లేదు కాబట్టి నాకు పాలు తగ్గాయి అని తల్లి అనుకుంటుంది. అక్కడి నుంచి డబ్బా మాట మొదలవుతుంది.

అదే చోట నిండుగా రెండు పెద్ద చెంచాల బియ్యం, అంటే 30 గ్రాములు, ఒక పెద్ద చెంచా పెసరపప్పు, అంటే 15 గ్రాములు తీసుకోండి. రెండూ కలిపి బాగా మెత్తగా ఉడికించి, చిన్న చెంచాడు నెయ్యి వేసి మెదపండి. మొత్తం దాదాపు 200 కేలరీలు. రెండు మూడుసార్లుగా పెడితే ఆ బుజ్జి పొట్టలో హాయిగా పడుతుంది. నేను తల్లులకు చెప్పే పరీక్ష ఒక్కటే. చెంచాలోకి తీసుకుని వంచండి. జారి కారిపోతే పలచన. ఒక క్షణం చెంచాను పట్టుకుని ఉండి, ముద్దగా ఊడిపడితే సరిగ్గా ఉన్నట్టు.

కేలరీలతో కథ అయిపోలేదు. తల్లి కడుపులో ఉండగా బిడ్డ కూడబెట్టుకున్న ఇనుము ఆరు నెలలకు అడుగంటుతుంది. తల్లిపాలలో ఇనుము చాలా కొద్ది, ఉన్నది బాగా ఒంటబడుతుంది గానీ ఈ వయసుకు అది చాలదు. తెల్లబియ్యంలో కూడా ఇనుము కొద్దే. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఆరు నెలలు దాటిన, ఐదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 31.2 శాతం. దేశం మొత్తం మీద చూస్తే ఆరు నుంచి ఇరవై మూడు నెలల పిల్లల్లో సరిపడా తిండి అందుతున్నది పదకొండు శాతం మందికే. ఇది పేదల ఇళ్ల సంగతి మాత్రమే అనుకోకండి. పది ఎకరాల కొబ్బరితోట ఉన్న ఇంట్లో కూడా పాలిపోయిన అరచేతులున్న పిల్లల్ని నేను ఎత్తుకున్నాను.

మన నేలకు ఇది కొత్త కూడా కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా వరి అయింది. అన్నానికి లోటు లేని ఈ ఉత్తర సర్కారు జిల్లాలే (బ్రిటిష్ కాలంలో మన కోస్తాకు ఉన్న పేరు) తర్వాతి రోజుల్లో నరాలు, గుండె దెబ్బతినే బెరిబెరి జబ్బుకు పేరుపడ్డాయి. ఉప్పుడు బియ్యం కాకుండా మరపట్టిన తెల్ల పచ్చిబియ్యం మీదే బతకడం దానికి కారణం, ఎందుకంటే తవుడుతో పాటు బి1 విటమిన్ పోతుంది. ఆ అన్నమే తిన్న తల్లుల పాలు తాగిన చంటిపిల్లలకూ ఆ జబ్బు వచ్చేది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూర్‌లో ఒక్క గదిలో మొదలైంది. మొదలైంది కూడా బెరిబెరి మీద విచారణ కోసమే. ధాన్యాగారం అని మనం గర్వంగా చెప్పుకునే చోట, బిడ్డ గిన్నెలోకి మాత్రం బియ్యం ఒక్కటే వెళ్తోంది. చుట్టూ చేపల చెరువులు, తణుకు, అనపర్తి వైపు కోళ్లఫారాలు, రావులపాలెం మార్కెట్ నిండా అరటి గెలలు, పెరట్లో మునగచెట్టు. బిడ్డకు కావలసినవి అన్నీ మన గుమ్మం ముందే ఉన్నాయి.

తిండి రకాలను ఎనిమిది గుంపులుగా లెక్కపెడతారు. తల్లిపాలు, ధాన్యాలు దుంపలు, పప్పులు గింజలు, పాలు పెరుగు, మాంసం చేపలు, గుడ్లు, ముదురు రంగు పళ్లు కూరలు, మిగతా పళ్లు కూరలు. రోజులో కనీసం ఐదు గుంపుల నుంచి బిడ్డ నోట్లో పడాలి. మీ పాప రోజును ఇలా లెక్కవేస్తే రెండే వచ్చాయి, మీ పాలు, బియ్యం. బిస్కెట్ కూడా ధాన్యం గుంపే, పైగా పంచదార. చారులో ఉన్నది కాస్త చింతపండు రసం. టీ అయితే పూర్తిగా మానేయండి, అది తిండిలోని కాస్త ఇనుమును కూడా ఒంటబట్టనివ్వదు.

ఐదు గుంపులు అంటే బిడ్డకు ఐదు వంటలు చెయ్యాలని కాదు. మీ ఇంట్లో రోజూ వండేదాంట్లోంచే తియ్యాలి, ఉప్పూ కారం పడకముందు. పప్పు ఉడికాక తాలింపు వెయ్యకముందు ఒక గరిటె పక్కకు తీయండి. కూరలోకి తరిగిన గుమ్మడికాయ ముక్కలు నాలుగు అన్నం, పప్పుతో పాటే ఉడకనివ్వండి. తోటకూర, పొన్నగంటి కూర, మునగాకు, వీటిలో ఏదైనా ఒక గుప్పెడు సన్నగా తరిగి అందులోనే వేయండి. ఏడాదిలోపు బిడ్డకు విడిగా ఉప్పు, పంచదార అక్కర్లేదు. తేనె అసలు నాకించకూడదు, దాంట్లో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిపిల్లల నరాలను దెబ్బతీస్తుంది.

గుడ్డు గురించి అత్తయ్యగారి భయం నాకు తెలుసు. వేడి చేస్తుంది, అరగదు అంటారు. ఆరు నెలలు నిండిన బిడ్డకు గట్టిగా ఉడికించిన గుడ్డు నిరభ్యంతరంగా పెట్టొచ్చు, తెల్లసొన కూడా. మొదటి రోజు పావు చెంచా, పగటిపూట, బిడ్డ హుషారుగా ఉన్నప్పుడు. రెండు మూడు రోజులు అదే పెట్టి చూడండి. దద్దుర్లు, వాంతులు, పెదవుల వాపు లాంటివి ఏమీ లేకపోతే పెంచుకుంటూ పోండి. వాపు వచ్చినా, ఊపిరి ఇబ్బంది అనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఆలస్యంగా పెడితే ఎలర్జీ రాదన్న పాత నమ్మకం ఇప్పుడు నిలవడం లేదు. 2015లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, వేరుశనగ ఎలర్జీ ముప్పు ఉన్న పసిపిల్లలకు మొదటి ఏడాదిలోనే వేరుశనగ తినిపించడం మొదలుపెడితే, ఐదేళ్ల వయసుకు ఆ ఎలర్జీ చాలా తక్కువమందికి వచ్చింది. అయితే గింజలుగా వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తటి ముద్దగా నూరి కలపాలి. ఒంటినిండా గజ్జి మాదిరి దద్దుర్లున్న పిల్లలకైతే డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి.

చేప ఎలా పెట్టాలో వివరంగా చెబుతాను, ఎందుకంటే అందరికీ ముళ్లంటేనే భయం. మా మనవరాలికి నేను కొర్రమీను తీసుకునేదాన్ని, పండుగప్ప దొరికితే అదీ మంచిదే, ఈ రెంటికీ సన్నముళ్లు తక్కువ. కూరకు ముక్కలు కడిగినప్పుడే ఒక చిన్న ముక్క విడిగా తీసి, చిటికెడు పసుపుతో నీళ్లలో ఉడికిస్తాను. చల్లారాక చర్మం తీసేసి, కండను తెల్లటి పింగాణీ ప్లేటులో పొరలు పొరలుగా విడదీస్తాను. తర్వాత కళ్లను నమ్మను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొంచెం కొంచెంగా మొత్తం నలుపుతాను, ఆ పైన మళ్లీ ఒకసారి. కంటికి కనబడని ముల్లు వేలికి తగులుతుంది. ఆ నలిపిన చేప రెండు చెంచాలు, నెయ్యి వేసిన మెత్తటి అన్నంలో కలిపితే పిల్ల నోరు తెరుచుకుని ఎదురుచూసేది. అందులోని ఇనుము పప్పులో ఇనుము కంటే బాగా ఒంటబడుతుంది, పక్కనున్న పప్పులో ఇనుమును కూడా లాక్కెళ్తుంది. వారానికి ఒకసారి కోడి కార్జం చిన్న ముక్క బాగా ఉడికించి మెదిపి పెట్టినా చాలా మంచిది. ఎండుచేప, ఎండురొయ్య మాత్రం ఉప్పు ఎక్కువ కాబట్టి ఇప్పుడే వద్దు. శాకాహారులైతే పప్పు, ఆకుకూర పెట్టే పూటే ముద్దలో రెండు చుక్కల నిమ్మరసం పిండండి, లేదా మెత్తటి జామపండు గుజ్జు పెట్టండి, సి విటమిన్ ఇనుమును ఒంటబట్టిస్తుంది.

అరటిపండుకు, జలుబుకు సంబంధం లేదమ్మా. జలుబు వైరస్ వల్ల వస్తుంది. బాగా పండిన చక్కెరకేళి ఒకటి వేలితో మెదిపి పెట్టండి, కాస్త పెరుగు కలిపినా బాగుంటుంది. కొబ్బరినీళ్లు తాగిస్తే బలం అని మన కోనసీమలో చాలామంది అనుకుంటారు, అవి నీళ్లే, తిండి లెక్కలోకి రావు.

రాగులు ఇంట్లో ఉంటే ఒక పని చెయ్యండి. ఒక పూట నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకలు రానివ్వండి. నీడన ఆరబెట్టి, మొలకలు నలిపి తీసేసి, కొద్దిగా వేడిచేసి పిండి పట్టించండి. ఎర్రగా వేయించకూడదు. మీరు చిక్కగా కాచిన జావ దించాక, కాస్త వేడి తగ్గనిచ్చి, ఈ పిండి అర చెంచా కలిపి రెండు మూడు నిమిషాలు ఆగండి. గరిటె నిలబడేంత చిక్కటి జావ మీ కళ్లముందే వదులవుతుంది. మొలకల్లో పుట్టే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది, నీళ్లు చేర్చకుండానే మింగడానికి సులువవుతుంది. తర్వాత మళ్లీ ఒక పొంగు రానిచ్చి చల్లార్చి పెట్టండి. చిక్కదనం నచ్చక మూతి తిప్పేసే పిల్లలకు ఇది బాగా పనికొచ్చింది.

సీసా పక్కన పెట్టేయండి. సీసాలో పట్టాలంటే జావ పలచన చెయ్యక తప్పదు, సగం గొడవ అక్కడే ఉంది. దాని పీకలో మిగిలిన పాలు, పిండి ఎంత కడిగినా పోవు, విరేచనాలకు అదే దారి. వేసవిలో కాలువలు కట్టేసి చెరువునీళ్ల మీద ఆధారపడే నెలల్లో, ఆగస్టు వరదల్లో విరేచనాలతో పిల్లలు ఎలా నీరసించిపోతారో చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. నీళ్లు మరిగించి చల్లార్చినవే వాడండి. తినిపించే ముందు మీ చేతులు, పాప చేతులు సబ్బుతో కడగండి. అత్తయ్యగారిని అడగండి, అటక మీద పాత ఉగ్గుగిన్నె ఉండే ఉంటుంది. కడగడానికి దానికంటే సులువైనది లేదు. ఆవిడనే పెట్టమనండి కూడా. పెద్దవాళ్లను పక్కకు తోస్తే చాటుగా జావ పడతారు, గిన్నె వాళ్ల చేతికిస్తే ముద్ద పెడతారు.

మెత్తదనం విషయంలో నా సొంత అనుభవం ఒకటి ఉంది. మా పెద్దబ్బాయికి గొంతుకు అడ్డం పడుతుందన్న భయంతో ఏడాది దాటేవరకూ అన్నీ మిక్సీ పట్టే పెట్టాను. రెండేళ్లు వచ్చినా వాడు ముద్ద నమిలేవాడు కాదు, మెతుకు తగిలితే కక్కేసేవాడు. మళ్లీ నేర్పడానికి నాకు ఏడాది పట్టింది. మిక్సీ వద్దు, చేత్తో మెదపండి. తొమ్మిదో నెలకల్లా చిన్న చిన్న పలుకులు తగలాలి. పళ్లు రాకపోయినా చిగుళ్లతో నలుపుకోగలరు.

డబ్బా ఆహారం విషం ఏమీ కాదు గానీ అందులో ఉన్నదంతా మీ వంటింట్లో ఉంది. రెండేళ్లలోపు పిల్లల ఆహారాలకు, పాలడబ్బాలకు, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో చట్టమే ఉంది, 1992లో వచ్చింది, 2003లో ఇంకా గట్టి చేశారు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం తెచ్చుకోండి, అందులో వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి. జావగా కాకుండా ముద్దగా కలపండి. ఆరు నెలలు దాటిన పిల్లలకు వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఇవ్వాలి, ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో (మీ ఊరి ఆరోగ్య కేంద్రం నర్సు) అడగండి. తొమ్మిదో నెల టీకాతో పాటు వేసే ఎ విటమిన్ చుక్కలూ మర్చిపోవద్దు.

తినిపించేటప్పుడు ఫోన్ చూపించకండి. ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడుతూ పెట్టండి, మూతి తిప్పితే కాసేపు ఆగండి, ముక్కు మూసి కుక్కొద్దు. జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఉమ్మడి రాష్ట్రంలో 60 గ్రామాల్లో 600 మంది తల్లీబిడ్డలతో ఒక అధ్యయనం చేశారు. ఏం పెట్టాలో చెప్పడంతో ఆగకుండా, బిడ్డ ఆకలి గుర్తులు కనిపెట్టి తినిపించడం, ఆడించడం కూడా నేర్పిన చోట పిల్లల మానసిక ఎదుగుదల మెరుగ్గా కనబడింది. జ్వరం, విరేచనాల్లో తిండి ఆపొద్దు. పాలు ఇంకా ఎక్కువసార్లు, కొంచెం కొంచెంగా తిండి, విరేచనాలకు ఓఆర్ఎస్, పద్నాలుగు రోజులు జింక్. తగ్గాక రెండు వారాలు రోజూ ఒక పూట అదనంగా పెట్టాలి.

ఇంకొకటి. రొమ్ముకు వేపాకు రాసి ఒక్కరోజులో పాలు మాన్పించిన ఒక పద్నాలుగు నెలల పిల్ల, నెల తిరక్కుండా రెండు పాదాలూ ఉబ్బి మా సెంటర్‌కు వచ్చింది. నొక్కితే సొట్ట పడేది. తిండి కుదరకముందే పాలు పోయాయి, అంతే. మీకు ఎవరైనా ఆ సలహా ఇస్తే ఈ పిల్లను తలచుకోండి. పాదాల వాపు ఉన్నా, జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినా ఇంటి వైద్యాలతో కూర్చోకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మీ పాపకు ప్రస్తుతం ఇది చెయ్యండి. ఈ వారంలో పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించి, రక్తం, మూత్రం పరీక్ష అవసరమేమో అడగండి, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా బరువు ఆగుతుంది. రేపటి నుంచి రోజుకు మూడుసార్లు ముద్ద, మధ్యలో ఒక పండు. ఒక్కో పూటకు 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం దాకా మెల్లగా తీసుకురండి. మొదటి నాలుగు రోజులు రెండు చెంచాలే తిన్నా కంగారు పడకండి. పాలు అడిగినప్పుడల్లా ఇవ్వండి, రాత్రి కూడా. నెల తిరిగాక అదే కాటా మీద, బట్టలు తీసి తూచి ఆ అంకె ఇక్కడ రాయండి. 6.7 దగ్గరికి వస్తే దారిలో పడ్డట్టు. రాకపోతే అప్పటిదాకా పాప ఏ పూట ఏం తిన్నదో ఒక కాగితం మీద రాసి ఉంచండి, ఆ కాగితం పట్టుకునే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.